హోరి లెక్క, హీరామన్ పాట

హల్కూ యొద్ద మూడు రూపాయలున్నవి. కంబళి కొనుటకై కూలిడబ్బులలో నుండి కాసు కాసు మిగిల్చి దాచిన మూడు రూపాయలవి. పుష్యమాసము ముంచుకొని వచ్చుచున్నది. రాత్రులు పొలమునకు కావలి పోక తప్పదు. ఉత్తరాదిని, గంగాతీరపు మైదానములలో, ఆ నెలలో వీచు గాలి ఎముకలను కొరుకును. సరిగా ఆ సమయముననే అప్పులవాడు వాకిట వచ్చి నిలిచినాడు. భార్య మున్నీ ఇయ్యవలదని వాదించును. ఈ సేద్యమే మానివేయుమని కూడ అనును. తుదకు ఆ మూడు రూపాయలును తెచ్చి మగని చేతిలో పెట్టును. తక్కిన కథయంతయు ఆ లోటునుండియే పుట్టినది. చెఱకాకుల పందిరి క్రింద పాత దుప్పటి కప్పుకొని, జబ్రా అను కుక్కను ఒడిలోనికి చేర్చుకొని, చిలుము మీద చిలుము పీల్చి, అప్పటికిని చలికి తాళలేక, దగ్గఱనున్న మామిడితోపులో రాలిన యాకులు ప్రోగుచేసి మంట వేసికొని, మంట చల్లారిన పిదప ఆ వెచ్చని బూడిద ప్రక్కనే కదలలేక కూరుచుండిపోయిన హల్కూ, మనుబోతులు మందగా వచ్చి తన చేనిని నమలుచున్న చప్పుడు విని కూడ లేవలేకపోవును. తెల్లవాఱి చూడగా పైరు లేదు. మున్నీ దిగులుపడును. హల్కూ మాత్రము, ఇకమీదట ఈ చలిలో ఇచట పండుకొన నక్కఱలేదు గదా యని సంతోషించును.

ప్రేమ్‌చంద్ రచించిన 'పూస్ కీ రాత్' అను ఈ కథను నేను మొట్టమొదట చదివినది హిందీ పరీక్షకు పాఠముగా. 1918లో గాంధీజీ ప్రేరణచే మద్రాసున ఆరంభమైన హిందీ ప్రచారోద్యమము తెలుగునాట ఊరూర వ్యాపించి, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష యను పరీక్షల మూలమున ఎందఱో తెలుగువారికి ఈ రచయితను పరిచయము చేసినది. ఆయనయు 1934 డిసెంబరులో మద్రాసునకు వచ్చి దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవమున ప్రసంగించెను. అయితే పాఠముగా చదువబడు కథకు ఒక దురదృష్టము కలదు. దానికి సారాంశము వ్రాయవలెను, నీతి చెప్పవలెను. 'రైతు పేదరికము' అని వ్రాసినచో మార్కులు పడును, పుస్తకము మూతపడును. చాలకాలమునకు, ఏ పరీక్షయు లేని యొక చలికాలపు రాత్రి, ఆ కథనే మరల తెఱచినప్పుడు గాని నాకు దానిలోని మూడు రూపాయలు కనబడలేదు. కంబళి వెల మూడు రూపాయలు. అప్పులవాని నోరు మూయించుటకు కావలసినది మూడు రూపాయలు. ఆ రెండు సంఖ్యలు సమానమగుటయే కథ.

హిందీ గ్రామీణ సాహిత్యమును ఆస్వాదింపగోరు తెలుగు పాఠకునకు నేను చెప్పదలచినది ఇదియే. పచ్చని చేల వర్ణనల కొఱకును, పల్లెపడుచుల పాటల కొఱకును మాత్రమే అచటికి పోవలదు. ప్రేమ్‌చంద్ పల్లెను లెక్కించెను. ఆయన పిదప వచ్చిన ఫణీశ్వర్‌నాథ్ రేణు పల్లెను ఆలకించెను. మొదటివాని పుస్తకము చేతపట్టినప్పుడు అణాపైసలను వదలక లెక్క చూడవలెను. రెండవవాని పుస్తకము చేతపట్టినప్పుడు చెవి యొగ్గవలెను.

ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. కాశీ సమీపమునందలి లమహీ గ్రామమున 1880 జూలై 31వ తేదీని జన్మించెను. తండ్రి తపాలాశాఖలో గుమాస్తా. తాను పాఠశాలల సబ్‌డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా మహోబా మొదలగు ప్రాంతములందు పల్లె పల్లె తిరిగిన యుద్యోగి. ఆ తిరుగుడులో ఆయన చూచినది బడులను మాత్రమే కాదని కథలు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆరంభమున ఉర్దూలో, నవాబ్ రాయ్ అను పేరుతో వ్రాసెను. 1908లో వెలువడిన 'సోజ్-ఎ-వతన్' అను చిన్న కథాసంపుటము రాజద్రోహకరమని ప్రభుత్వము ప్రతులను స్వాధీనము చేసికొనగా, 'జమానా' పత్రికా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచనచే ప్రేమ్‌చంద్ అను పేరు ధరించెను. 1921లో గోరఖ్‌పూరునందు గాంధీజీ ప్రసంగము విని సర్కారు కొలువు వదలిపెట్టెను. ఆయన కడపటి సంపూర్ణ నవల 'గోదాన్' 1936లో వెలువడినది. ఆ యేడే అక్టోబరు 8వ తేదీని ఆయన కన్నుమూసెను.

గోదాన్‌లో కథ చిన్నది, కాలము పెద్దది. అవధ్ ప్రాంతమున బేలారీ యను పల్లెలో హోరి యను కౌలురైతు కలడు. నలుబది యేండ్లయినను నిండని వాడు, ముసలివానివలె కనబడును. అతని భార్య ధనియకు ముప్పదియాఱవ యేడు, తల నెఱసిపోయినది. ఆమె ముగ్గురు కొడుకులు పసితనముననే పోయిరి. మందు ఇప్పించియుండినచో బ్రతికెడివారని ఆ తల్లి మనసు నేటికిని చెప్పుచుండును, కాని మందునకు కాసులేవి? హోరికి జీవితమున ఒకే కోరిక: వాకిట ఒక ఆవు కట్టివేయబడి యుండవలెను. ప్రొద్దున లేవగానే గోదర్శనము కావలెను, కొడుకు గోబర్‌కు పాలు కావలెను, ఆపైన వాకిటికి ఆవు అందము, గౌరవము. భోలా యను పాలవాని యొద్ద ఎనుబది రూపాయల వెలకు, చేతిలో పైసయైనను లేకుండగనే, అప్పుమీద ఆవును తోలుకొని వచ్చును. తమ్ముడు హీరా ఆ సిరిని ఓర్వలేక ఆవునకు విషము పెట్టి పరారియగును. పోలీసు దారోగా తమ్ముని యిల్లు సోదా చేసినచో వంశమర్యాద పోవునని హోరి లంచమునకు మరల అప్పు చేయబూనును. భోలా కూతురు, వితంతువు ఝునియ, గోబర్ వలన గర్భవతియై వచ్చి వాకిట నిలువగా, ధనియయు హోరియు ఆమెను కోడలిగా లోపలికి తీసికొందురు. అందులకు పంచాయతి విధించిన తప్పు నూఱు రూపాయల రొక్కము, ముప్పది మణుగుల ధాన్యము. కళ్లములోని గింజలను తట్టకెత్తి హోరి తానే మోసికొనిపోయి పంచల యింట పోయును. వెలి వేయుదురను భయము మన పల్లెలలో ఎట్టిదో యెఱిగినవారికి ఆ మోత యేల మోసెనో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ నవలలో నేను మరల మరల తెఱచి చదువునది హోళీ నాటి వేషము. పట్టణమునుండి తిరిగివచ్చిన గోబర్ ఊరి కుఱ్ఱవాండ్రను కూడగట్టి, వడ్డీవ్యాపారి ఠాకూరు ఝింగురీసింగ్ వేషము కట్టించును. ఒక రైతు వచ్చి కాళ్లు పట్టుకొని పది రూపాయలు అప్పడుగును. ఠాకూరు దస్తావేజు వ్రాయించుకొని అయిదు రూపాయలు చేతిలో పెట్టును. ఇవి అయిదే గదా యని రైతు తెల్లబోవును. కావు, పదియే యని ఠాకూరు లెక్క చెప్పును: నజరానా ఒక రూపాయి, వ్రాతకూలి ఒక రూపాయి, కాగితమునకు ఒక రూపాయి, దస్తూరీ ఒక రూపాయి, వడ్డీ ఒక రూపాయి, రొక్కము అయిదు, వెరసి పది. రైతు తల యూపి, ఆ అయిదింటిని కూడ తిరిగి యిచ్చివేయును: చిన్న ఠాకురాణికి నజరానా ఒకటి, పెద్ద ఠాకురాణికి ఒకటి, చిన్నమ్మ తాంబూలమునకు ఒకటి, పెద్దమ్మ తాంబూలమునకు ఒకటి, మిగిలిన ఒక్కటి దొరవారి ఉత్తరక్రియలకు. ఊరంతయు పగలబడి నవ్వును. కూడికలో తప్పు లేదు. అదియే దానిలోని దారుణము. వెట్టి, కౌలుబాకీ, నజరానా, బేదఖలీ యను మాటలు చరిత్రపుస్తకములలో ఎంత చదివినను నా మనసున నాటుకొనలేదు గాని, ఈ పది రూపాయల లెక్కతో అవి యన్నియు ఒక్కసారి అర్థమైనవి.

ఇట్టి లెక్క ఆయన చిన్నకథలలోను కలదు. 'సవా సేర్ గేహూఁ' అను కథలో శంకర్ అను అమాయకపు రైతు, ఇంటికి వచ్చిన సాధువునకు గోధుమరొట్టె పెట్టుటకై ఒక బ్రాహ్మణుని యొద్ద సేరుంబావు గోధుమలు చేబదులు తెచ్చును. తరువాత కళ్లములో అతనికి వాడుకగా కొలిచి యిచ్చునది కొంత హెచ్చుగానే యిచ్చి, బాకీ తీఱినదనుకొనును. ఏడేండ్లకు అవి అయిదున్నర మణుగులై వచ్చి మీద పడును. మన నాగువడ్డి పెరుగుదల తెలిసినవారికి ఇది వింతగా తోపదు. ఆ ధాన్యము రూపాయలై, రూపాయలు దస్తావేజై, దస్తావేజు జీవితకాలపు పాలికాపుతనమై, శంకర్ మరణానంతరము అతని కొడుకు మెడకు చుట్టుకొనును. కథ నిడివి కొన్ని పుటలు. కాలము ఒక తరమును దాటినది.

ప్రేమ్‌చంద్ గొప్పతనము లెక్కతో ముగియునది మాత్రము కాదు. లెక్క యెంత నిర్దయమైనదో, ఆ లెక్కలో చిక్కుకొన్న మనుష్యులు అంత సజీవులు. హోరి పుణ్యపురుషుడు కాడు: వెదుళ్లు అమ్మునప్పుడు సోదరుల వాటాలో కొంత మిగుల్చుకొన జూచును, భార్య లేని భోలాకు పెండ్లి కుదుర్చుదునని ఆశ చూపి ఆవును రాబట్టును. జమీందారు రాయ్ సాహెబ్ కేవల దుష్టుడు కాడు: సత్యాగ్రహమున చెఱసాలకు పోయివచ్చినవాడు, తన వర్గము నశింపవలసినదే యని నోరార చెప్పగలవాడు, అయినను నజరానాలు, వెట్టి ఒక్క పిసరైనను తగ్గవు, ఏలయన ఆయనయు పట్టణపు షావుకార్లకు ఋణగ్రస్తుడే. గోదాన్‌లోని పట్టణభాగము కథతో అతుకలేదని విమర్శకులు చాలమంది వ్రాసిరి. మిల్లు యజమాని ఖన్నా, ఆచార్య మెహతా, డాక్టరు మాలతి కూరుచుండి చేయు దీర్ఘచర్చలలో నాకును పుటలు త్రిప్పవలెననిపించిన మాట నిజము. కాని బేలారీలో పుట్టిన రూపాయి ఎచటికి పోవుచున్నదో చూపవలెనన్నచో ఆ పట్టణము లేక గడవదు.

ధనియ గుఱించి ప్రత్యేకముగ చెప్పవలెను. హోరి వంగిన చోటనెల్ల ఆమె నిలుచును. దారోగాకు ఈయబోవు లంచపు సొమ్మును ఊరివారి యెదుట లాగి నేలకు కొట్టినది ఆమెయే. గర్భిణియైన ఝునియను తిట్టుచునే కడుపున పెట్టుకొన్నది ఆమెయే. కడపట, కౌలుబాకీకి భూమి పోకుండుటకై చిన్నకూతురు రూపను వయసుమళ్లిన వానికిచ్చి రెండువందల రూపాయలు తీసికొన్న సిగ్గుతో, ఆ యప్పు తీర్చవలెనను పట్టుదలతో, పగలు రోడ్డుకొఱకు కంకర త్రవ్వి రాత్రులు పురికొస పేని, వడదెబ్బకు నేలకొఱిగిన హోరి ప్రక్కన ఆమె నిలుచుండును. గోదానము చేయింపుడని చుట్టునున్నవారు తొందరపెట్టుదురు. ఆమె లోపలికి పోయి, పురికొస అమ్మగా వచ్చిన ఇరువది అణాలు తెచ్చి, చల్లబడిన మగని చేతిలో నుంచి, ఎదుట నిలిచిన పురోహితుడు దాతాదీన్‌తో ఇంట ఆవు లేదు, దూడ లేదు, ఉన్న సొమ్ము ఇదియే, ఇదియే ఆయన గోదానమని చెప్పి మూర్ఛపోవును. ఎనుబది రూపాయల ఆవుతో మొదలైన లెక్క ఇరువది అణాలతో ముగిసినది.

తెలుగువారమైన మనకు ఈ లోకము పరాయిది కాదు. ప్రేమ్‌చంద్ 'ప్రేమాశ్రమ్' వెలువడిన 1922 ప్రాంతముననే ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాలలో వ్రాసిన 'మాలపల్లి' మన భాషలో వెలుగుచూచినది. ఇద్దఱును ఒకరి నొకరు చూచి వ్రాసినవారు కారు, ఒకే కాలపు గాలి పీల్చినవారు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథనైతే తెలుగు నేలమీదికే తీసికొని వచ్చి వంగదర్శకుడు మృణాల్ సేన్ 1977లో 'ఒక ఊరి కథ' యను తెలుగు చిత్రముగా తీసెను. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా దానికి జాతీయ బహుమానము లభించినది. పురిటినొప్పులతో లోపల స్త్రీ ప్రాణములు విడుచుచుండగా, కాల్చిన ఆలుగడ్డలను రెండవవాడు తినివేయునేమో యను భయముతో లోపలికి పోలేని తండ్రీకొడుకుల కథ యది. గోదాన్ వ్రాసిన చేయియే ఇదియు వ్రాసినది; పేదవానియందు కరుణ యుండుట వేఱు, వానిని అలంకరించుట వేఱు అని ఎఱిగిన చేయి.

ఇక రేణు. బీహారులో, నాటి పూర్ణియా జిల్లాయందు, ఫార్బీస్‌గంజ్ సమీపమున ఔరాహీ హింగ్‌నా యను పల్లెలో 1921 మార్చి 4వ తేదీని జన్మించెను. 1942 ఉద్యమమున చెఱసాలకు పోయెను. నేపాళ విప్లవమున పాల్గొనెను. 1954లో ఆయన 'మైలా ఆంచల్' వెలువడగా, హిందీలో 'ఆంచలిక' నవల యను మాట స్థిరపడినది. ఆంచల్ అనగా పైటచెంగు, ప్రదేశమనియు నర్థము. మాసిన చెంగు అన్నను, మాసిన సీమ యన్నను సరిపోవును. ఇట్టి పేరును మఱియొక భాషలోనికి త్రిప్పుట ఎవరి తరమును కాదు.

నవల ఒక వదంతితో తెఱచుకొనును. జిల్లాబోర్డువారు మలేరియా కేంద్రము పెట్టుటకు మేరీగంజ్ అను పల్లెకు రాగా, మిలిటరీ వచ్చి ఊరిని చుట్టుముట్టినదని కలకలము రేగును. 1942 నాటి దౌర్జన్యములు మఱువని పల్లె యది. ఊరి పేరు ఒక నీలిమందు దొర భార్య పేరు. ఆమె మలేరియాతోనే అచట మరణించినది. ఆ వ్యాధిని శోధించుటకు వచ్చిన యువవైద్యుడు ప్రశాంత్, సూక్ష్మదర్శినిలో వెదకి వెదకి, తుదకు ఈ ఊరి రోగమునకు మూలక్రిములు పేదరికమును అజ్ఞానమును అని కనుగొనును. అయితే నన్ను పట్టి నిలిపినది ఆ నిర్ణయము కాదు, అది చేరువఱకు వినబడు చప్పుడు. మృదంగపు దెబ్బలు అక్షరములుగా పుటమీద పడును. మఠములో తెల్లవాఱుజామున పాడు కీర్తనలు, విద్యాపతి పదముల నాట్యము, కులమునకొక వాడగా చీలిన ఊరి తగవులు, సంతాలుల డప్పులు, అన్నియు కలసి వినబడును. స్వరాజ్యము 'సురాజ్' అగును, గాంధీ 'గన్హీ మహాత్మా' అగును. రేణు ఆ మాటలను దిద్దడు. పల్లె నోట అవి మాఱినతీరులోనే పల్లె వానిని తనవిగా చేసికొన్న విధమున్నదని ఆయనకు తెలియును.

అందలి బావన్‌దాస్ అను మరుగుజ్జు గాంధేయవాది మరణమును చదివినవారు మఱువలేరు. గాంధీజీ గతించిన కొలది దినములలోనే, సరిహద్దు దాటిపోవుచున్న దొంగసరుకు బండ్లకు అడ్డముగా ఆ చీకటిలో ఒంటరిగా నిలుచుండును. ఆ సరుకు వెనుక నున్నవారు పరాయివారు కారు, తన పక్షము పేరు చెప్పుకొనువారే. బండ్లు ఆయన మీదుగా పోవును. ఆయన జోలె ఒక చెట్టుకొమ్మకు వ్రేలాడును. కొంతకాలమునకు అది యెవరిదో యెఱుగని జనము, అది ఒక పీరు నెలవని భ్రమసి, గుడ్డపేలికలు కట్టి మొక్కుకొనుట మొదలుపెట్టును. స్వాతంత్ర్యము వచ్చిన తొలియేండ్లను గుఱించి ఇంతకంటె గాఢముగా వ్రాసిన దృశ్యమును నేనెఱుగను.

రేణు యందు హాస్యమును కలదు, ప్రేమయు కలదు. 'మారే గయే గుల్‌ఫామ్' అను కథలో హీరామన్ అను బండివాడు నౌటంకీ నాటకపు నర్తకి హీరాబాయిని తన యెడ్లబండిలో సంతకు తీసికొని పోవును. ఇంతకుముందు రెండు ఒట్లు పెట్టుకొన్నవాడు: దొంగసరుకు మోయననియు, వెదుళ్లు వేసికొననియు. దారిపొడుగున బండిలోనుండి సంపెంగపూల వాసన వచ్చుచుండును, అతని వీపు జలదరించుచుండును. మహువా యను పడవవాని పిల్ల కథను పాడి వినిపించును. సంత ముగియును, రైలు కదలును, మూడవ ఒట్టు మిగులును. ఈ కథను కవి శైలేంద్ర నిర్మాతయై, బాసు భట్టాచార్య దర్శకత్వమున 1966లో 'తీస్రీ కసమ్' అను చిత్రముగా తీసెను. హీరాబాయిగా నటించిన వహీదా రెహమాన్, 1955లో మన 'రోజులు మారాయి' చిత్రమునందు ఏరువాక పాటకు నర్తించిన యామెయే. రైతుబ్రతుకు చెప్పిన తెలుగు చిత్రమునుండి రేణు బండిలోనికి ఆమె నడచినదని తలచుకొన్నప్పుడెల్ల నాకు సంతోషము కలుగును.

వీరిద్దఱే గాక పల్లెను వ్రాసినవారు పలువురు కలరు. పాలేరు కుఱ్ఱవాని నోటనే కథ చెప్పించిన నాగార్జున్ 'బల్‌చన్‌మా', గాజీపూర్ జిల్లా గంగౌలీ గ్రామపు ముస్లిము కుటుంబములను దేశవిభజన నీడలో చూపిన రాహీ మాసూమ్ రజా 'ఆధా గావ్', స్వాతంత్ర్యానంతరపు పల్లె రాజకీయమును వ్యంగ్యముతో చీల్చిచూపిన శ్రీలాల్ శుక్ల్ 'రాగ్ దర్‌బారీ' — వీనిలో కడపటిది 1969లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందినది. ఒక దస్తావేజు నకలు కొఱకు లంచమీయనని పట్టుబట్టి, కచేరీ చుట్టు ఏండ్ల తరబడి తిరుగు కుంటివాడొకడు దానిలో కలడు. హోరికి దూరపు బంధువనదగినవాడు.

హిందీ కొంచెమైనను వచ్చినవారు అనువాదముతో తృప్తిపడక మూలమునకే పోవలెనని నా మనవి. ప్రేమ్‌చంద్ వాక్యము సరళము, నుడికారము ఉర్దూ నుండి వచ్చిన చమత్కారము. నిఘంటువు తోడున్న చాలును. రేణు కొంత కష్టము. తెలియని మాట వచ్చినప్పుడు ఆగక పైకి చదివినచో చెవికి అర్థమగును. ఏది ముందు చదువవలెనని యడిగినచో, 'పూస్ కీ రాత్' అందును. అది కొలది పుటల కథ. రాబోవు పుష్యమాసమున ఒక రాత్రి, కంబళి కప్పుకొని కూరుచున్నచో, నిద్దురవేళ కాకముందే ముగియును.